అయిదు ఊళ్లు కలిసి ఒక నగరం: ఫ్రీమాంట్ ఎందుకు అలా ఉంటుంది?

కాలిఫోర్నియా బే ఏరియాలో పిల్లలు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఫ్రీమాంట్ పేరు తెలియనివాళ్లు తక్కువ. మనవళ్లను చూసుకోవడానికి వచ్చిన అమ్మానాన్నలు జెట్ లాగ్ తీరాక సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ ఊరెక్కడ?" కారులో అరగంట తిప్పినా కనిపించేవి ఇళ్లు, ఒక షాపింగ్ సెంటర్, మళ్లీ ఇళ్లు, ఒక స్కూలు, మళ్లీ ఇళ్లు. మెయిన్ బజారు అనదగ్గది ఎక్కడా తగలదు. కాసేపటికి పాతకాలపు దుకాణాల వీధి ఒకటి వస్తుంది, హమ్మయ్య ఇదే అనుకునేలోపు అది అయిపోతుంది. ఇంకో నాలుగు మైళ్ల తర్వాత అలాంటిదే మరొకటి.

పోనీ చిన్న ఊరా అంటే కాదు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 2,30,504 మంది ఉన్నారు. బే ఏరియాలో శాన్ హోసే, శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లండ్ తర్వాత ఇదే పెద్దది. అమెరికాలో అత్యంత సంతోషంగా ఉండే నగరాలంటూ వాలెట్‌హబ్ అనే సంస్థ ఏటా వేసే జాబితాలో వరసగా కొన్నేళ్లు మొదటి స్థానం దీనిదే. ఆదాయాలు ఎక్కువ, విడాకులు తక్కువ అన్న లెక్కలు కలిపి తేల్చిన సంతోషం అది. ఇంటి ఈఎంఐ కట్టే వాళ్లను అడిగితే జవాబు వేరేలా రావచ్చు.

ఇంత పెద్ద నగరానికి నడిబొడ్డు ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు 1956 జనవరిలో జరిగిన పనిలో ఉంది. ఫ్రీమాంట్ రేవు చుట్టూనో కోట చుట్టూనో సంత చుట్టూనో మెల్లగా పెరిగిన ఊరు కాదు. పక్క ఊరు తమను కలిపేసుకుంటుందన్న భయంతో అయిదు ఊళ్లు కుదుర్చుకున్న ఒప్పందం. ఆ ఒప్పందంలో తేలకుండా మిగిలిన సంగతులే ఈనాటికీ అక్కడి మున్సిపల్ సమావేశాల్లో తగవులుగా వస్తుంటాయి.

కలవకపోతే కలిపేస్తారు

అమెరికా మున్సిపల్ పద్ధతి మనకు కాస్త కొత్తగా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఒక ఊరు ఉన్నంత మాత్రాన దానికి మున్సిపాలిటీ ఉండాలని లేదు. వేల జనాభా ఉన్నా సొంత నగరపాలన లేకుండా నేరుగా కౌంటీ పాలనలో (కౌంటీ అంటే దాదాపు మన జిల్లా) ఉండిపోవచ్చు. అలాంటి చోటును పక్కనున్న నగరం ముక్కలు ముక్కలుగా తనలో కలుపుకోవచ్చు. వద్దనుకుంటే అక్కడివాళ్లు ఓటు వేసుకుని తామే ఒక నగరంగా ఏర్పడాలి. 2007లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను ప్రభుత్వ ఉత్తర్వుతో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు కదా, ఇది దానికి తలకిందుల వ్యవహారం. పెద్ద నగరం చేతిలో పడకుండా ఉండటానికి చిన్న ఊళ్లు తమలో తాము కలిసిపోవడం.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బే ఏరియా అంతా ఈ పరుగే. దక్షిణాన శాన్ హోసేకి డచ్ హామన్ అనే సిటీ మేనేజర్ 1950లో వచ్చి 19 ఏళ్లు ఉన్నాడు. ఆయన హయాంలో 17 చదరపు మైళ్ల పట్నం 130 చదరపు మైళ్లు దాటింది. ఆ దెబ్బకు జడిసి పక్కనున్న మిల్పిటాస్ 1954లో నగరంగా ఏర్పడింది. ఉత్తరాన హేవర్డ్ కిందికి పాకుతోంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కాలిఫోర్నియాలో ఏ నగరమూ కౌంటీ సరిహద్దు దాటి విస్తరించడానికి వీల్లేదు. శాన్ హోసే శాంటా క్లారా కౌంటీలో ఉంది, మన అయిదు ఊళ్లు అలమీడా కౌంటీలో ఉన్నాయి. కాబట్టి శాన్ హోసేకి వీటిని నేరుగా కలుపుకునే వీల్లేదు. శాన్ హోసే చూపించింది రాబోయే రోజులు ఎలా ఉంటాయో. ముప్పు మాత్రం అదే కౌంటీలో ఉన్న హేవర్డ్ నుంచి.

వాషింగ్టన్ టౌన్‌షిప్ అని పిలిచే ఆ ప్రాంతంలో అప్పటికి చెప్పుకోదగ్గ ఊళ్లు ఎనిమిది. వాటిలో సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్‌టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ ఒక్కటయ్యాయి. వాలీ పాండ్ అనే ఆయన అధ్యక్షతన కమిటీ పనిచేసింది. ఓటింగ్ గెలిచి, 1956 జనవరి 23న ఫ్రీమాంట్ అధికారికంగా నగరమైంది. డికోటో, అల్వరాడో అనే రెండు ఊళ్లు విడిగా చేతులు కలిపి 1959లో యూనియన్ సిటీగా మారాయి.

మిగిలింది న్యూవార్క్. అది కూడా ఈ కలయికలో భాగం కావాల్సిన ఊరే. కొత్త నగరంలో భారీ పరిశ్రమలన్నీ తమ నెత్తిన పెట్టబోతున్నారని అక్కడివాళ్లకు అనుమానం వచ్చి పక్కకు తప్పుకున్నారని చెబుతారు. ఫ్రీమాంట్ కంటే ముందే, 1955 సెప్టెంబరులో, న్యూవార్క్ సొంత నగరమైపోయింది. అందుకే ఇవాళ మ్యాప్ చూస్తే ఫ్రీమాంట్ నట్టనడుమ చిల్లులా న్యూవార్క్ కనిపిస్తుంది. చుట్టూ ఫ్రీమాంటే, లోపల మాత్రం వేరే మేయరు, వేరే పోలీసులు. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్నామనుకుని చిరునామా చూసుకుంటే న్యూవార్క్ అని తేలడం అక్కడ పాత జోకు.

పేరు దగ్గరా ఇదే రాజీ. అయిదు ఊళ్లలో ఏ ఒక్క పేరు పెట్టినా మిగతా నలుగురికీ కోపం. అందుకని ఏ ఊరికీ చెందని పేరు తెచ్చారు. జాన్ చార్లెస్ ఫ్రీమాంట్ సైన్యంలో అధికారి, పశ్చిమ ప్రాంతాల దారులు వెతికినవాడు, 1856లో రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసిన మొట్టమొదటి అభ్యర్థి. 1846లో శాక్రమెంటో నది ఒడ్డున అతని దళం మూలవాసులను ఊచకోత కోసిన సంగతి పేరు పెట్టినప్పుడు ఎవరికీ పట్టలేదు.

అయిదూ ఒకలాంటివి కావు

అయిదింట్లో పాతది మిషన్ శాన్ హోసే. 1797 జూన్ 11న ఫెర్మిన్ లాసుయెన్ అనే స్పానిష్ పాదిరి స్థాపించాడు. కాలిఫోర్నియాలో స్పెయిన్ వాళ్లు కట్టిన 21 మిషన్లలో (క్రైస్తవ మతప్రచార కేంద్రాల్లో) ఇది పద్నాలుగోది. అంతకు వేల ఏళ్ల ముందు నుంచి ఈ తీరం ఓలోనీ అనే మూలవాసులది. వాళ్లు తిని పడేసిన ఆల్చిప్పల దిబ్బలు ఇప్పటికీ కయోటి హిల్స్ పార్కులో ఉన్నాయి. మిషన్ ఆ ఓలోనీలను క్రైస్తవ మతంలోకి, పొలం పనిలోకి లాగింది. కొత్త రోగాలు వాళ్లను తుడిచిపెట్టాయి, 1806 తట్టు మరీ దారుణం. ఈ మిషన్ నుంచి వెళ్లిపోయిన ఎస్తనిస్లావ్ అనే యోకుత్స్ తెగ నాయకుడు మనుషులను కూడగట్టి మెక్సికో సైన్యంతో పోరాడాడు. కాలిఫోర్నియాలోని స్టానిస్లాస్ నది, కౌంటీ అతని పేరు మీదే ఉన్నాయి. అతను పారిపోయి వచ్చిన చోట మాత్రం అతన్ని గుర్తుచేసే పేరు పెద్దగా వినపడదు.

మిషన్ చర్చి 1868 అక్టోబరు 21న కూలిపోయింది. హేవర్డ్ ఫాల్ట్ (భూమి పొరల్లోని పగులు) మీద వచ్చిన ఆ భూకంపాన్నే, 1906 విధ్వంసం జరిగేదాకా, బే ఏరియాలో 'మహా భూకంపం' అనేవాళ్లు. ఇప్పుడు చూసే మట్టిగోడల చర్చి 1985లో పూర్తయిన పునర్నిర్మాణం. ఆ ఫాల్ట్ ఎక్కడికీ పోలేదు. నగరం మధ్యగా, సెంట్రల్ పార్కులోని లేక్ ఎలిజబెత్ పక్క నుంచి వెళ్తుంది. కొత్త నగరం తన సిటీ హాలును తీసుకెళ్లి ఆ పార్కు దగ్గరే కట్టుకుంది. ఫాల్ట్ పక్కన కట్టిన ఆ భవనాన్ని చివరకు ఖాళీ చేసి పడగొట్టేశారు.

నైల్స్ కథ పూర్తిగా రైలుది. 1869లో అమెరికా తూర్పు పడమరలను కలిపిన రైలుమార్గం పసిఫిక్ తీరం చేరింది నైల్స్ కాన్యన్ లోంచే. కాన్యన్ బయట పడ్డచోట జంక్షన్, జంక్షన్ చుట్టూ ఊరు. తర్వాత ఆ ఊరిని వెతుక్కుంటూ సినిమా వచ్చింది. ఎస్సనే కంపెనీ భాగస్వామి గిల్బర్ట్ ఆండర్సన్, 'బ్రాంకో బిల్లీ' వేషంతో అమెరికా మొదటి కౌబాయ్ హీరో అయినవాడు, 1912లో ఇక్కడ మకాం పెట్టాడు. కొండలున్నాయి, లోయ ఉంది, గుర్రాలు ఉన్నాయి, రైలు కూడా ఉంది. దోపిడీ సీను తీయాలంటే ఇంకేం కావాలి? 1915లో చార్లీ చాప్లిన్ కొన్ని నెలలు ఇక్కడ ఉండి అయిదు సినిమాలు తీశాడు. 1916లో స్టూడియో మూతపడింది. హాలీవుడ్ గెలవకముందు పోటీలో ఉన్న ఊళ్లలో నైల్స్ ఒకటంటే ఇప్పుడు నమ్మడం కష్టం. పాత దుకాణాల వీధి, మూకీ సినిమాల మ్యూజియం, కాన్యన్‌లో తిరిగే పాత రైలు మిగిలాయి. నా ఉద్దేశంలో ఫ్రీమాంట్ మొత్తంలో నడవడానికి బాగున్న వీధి అదొక్కటే.

సెంటర్‌విల్ వ్యవసాయ మార్కెట్. ఆప్రికాట్లు, కాలీఫ్లవర్, స్ట్రాబెర్రీలు. పొలాల్లో పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల నుంచి వచ్చినవాళ్లు, జపనీయులు పనిచేసేవాళ్లు. 1942 మే నెలలో జపనీస్ అమెరికన్ కుటుంబాలను సామాన్లతో సహా బస్సులెక్కించి నిర్బంధ శిబిరాలకు తరలించింది ఈ సెంటర్‌విల్ నుంచే. ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ ఆ దృశ్యాలను తీసింది. చీటీలు కట్టిన కోట్లు వేసుకుని పెట్టెల పక్కన నిలబడ్డ పిల్లల ఫొటోలు అమెరికా ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఇర్వింగ్‌టన్ అయిదు దారుల కూడలి. వార్మ్ స్ప్రింగ్స్ వేడినీటి ఊటల చోటు, ద్రాక్షతోటలు, ఖాళీ నేల. కలయిక నాటికి దక్షిణపు కొసన అందరికంటే చిన్నది. ఆ ఖాళీ నేలే తర్వాత నగరం తలరాత మార్చింది.

ఒకే షెడ్డు, మూడు కంపెనీలు

న్యూవార్క్ వద్దనుకున్న భారీ పరిశ్రమను ఫ్రీమాంట్ వార్మ్ స్ప్రింగ్స్‌కి తెచ్చుకుంది. జనరల్ మోటార్స్ తన ఓక్లండ్ ప్లాంటుకు బదులుగా ఇక్కడ కొత్తది కట్టి 1963లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1960లో 43,790గా ఉన్న జనాభా 1970కి 1,00,869 అయింది. ఆప్రికాట్ చెట్లు కొట్టేసి వేసిన కాలనీల్లో సగటు ఫ్రీమాంట్ మనిషి ఆ రోజుల్లో కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు, లేదా ఓక్లండ్ వైపు ఉద్యోగానికి వెళ్లొచ్చేవాడు. 1972లో బే ఏరియా ఊళ్లను కలిపే బార్ట్ రైలు వచ్చింది. అప్పట్లో దాని దక్షిణపు చివరి స్టేషన్ ఫ్రీమాంటే.

జీఎం ప్లాంటుకు మంచి పేరు లేదు. కార్మికులు, మేనేజర్లు ఒకరినొకరు శత్రువుల్లా చూసుకునేవాళ్లు. కొన్ని రోజుల్లో అయిదుగురిలో ఒకరు పనికి వచ్చేవాళ్లు కాదట. కారు ఎలా ఉన్నా సరే లైను మాత్రం ఆగకూడదన్నది పద్ధతి. 1982లో మూసేశారు.

1984లో జరిగింది మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాలకెక్కింది. జీఎం, టొయోటా కలిసి నుమ్మీ అనే ఉమ్మడి కంపెనీ పెట్టి అదే షెడ్డు మళ్లీ తెరిచాయి. పనిలోకి తీసుకున్నది ఎక్కువగా పాత జీఎం కార్మికులనే, ఉన్నది అదే యూనియన్. కొందరిని జపాన్ పంపి టొయోటా ఫ్యాక్టరీలో శిక్షణ ఇచ్చారు. తప్పు కనిపిస్తే తాడు లాగి లైను ఆపే హక్కు ప్రతి కార్మికుడికీ ఇచ్చారు. పనికి డుమ్మాలు ఒక్కసారిగా తగ్గాయి, కార్ల నాణ్యత జపాన్‌తో పోల్చే స్థాయికి వెళ్లింది. మనుషులు పనికిరానివాళ్లు అని తేల్చేసిన చోట పద్ధతి మారితే ఏమవుతుందో చూపించిన ఉదాహరణ అది. విచిత్రమేమంటే, తన ఫ్యాక్టరీలోనే నేర్చుకున్న ఈ సంగతిని మిగతా ప్లాంట్లలో అమలు చేయడానికి జీఎంకి ఏళ్లు పట్టింది.

2009లో దివాలా తీసిన జీఎం నుమ్మీ నుంచి తప్పుకుంది. టొయోటా ఒక్కటే నడపలేనంది. 2010 ఏప్రిల్ 1న చివరి కారు బయటికి వచ్చేసరికి సుమారు 4,700 మంది పని పోయింది. మే నెలలో టెస్లా అనే చిన్న కంపెనీ ఆ ప్లాంటులో ముఖ్య భాగాన్ని 4.2 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అంత పెద్ద షెడ్డుకి అది అక్షరాలా తుక్కు ధర. 2012 జూన్‌లో మోడల్ ఎస్ కార్ల డెలివరీ మొదలైంది. తర్వాత పదేళ్లలో ఆ ప్లాంటులో పనిచేసేవాళ్లు 20,000 దాటారు. నుమ్మీకి ఉన్న యూనియన్ మాత్రం టెస్లాకు లేదు.

అన్ని పందేలూ ఇలా పండలేదు. ఆ రోజుల్లోనే ఫ్రీమాంట్ తన భవిష్యత్తు సోలార్ ప్యానెళ్లలో ఉందనుకుంది. కేంద్ర ప్రభుత్వం నుంచి 53.5 కోట్ల డాలర్ల రుణ హామీ పొందిన సోలార్ కంపెనీ సోలిండ్రా ఇక్కడిదే. 2011 సెప్టెంబరులో అది దివాలా తీసి వాషింగ్టన్‌లో రాజకీయ రచ్చ అయింది.

ఇక్కడ ఎవరి మాట చెల్లుతుంది?

2020 మేలో కరోనా ఆంక్షలున్నప్పుడు ఫ్యాక్టరీ తెరుస్తానని ఎలాన్ మస్క్ గొడవ పెట్టుకున్నాడు. అప్పటి మేయర్ లిలీ మే తెరిచే దారి చూడాలని బహిరంగంగానే కోరారు. కానీ ఆమె మాటతో ఏమీ అవలేదు, ఎందుకంటే ప్రజారోగ్యం నగరం చేతిలో లేదు, కౌంటీ చేతిలో ఉంది. వార్తలు చదివినవాళ్లకు తికమక. మేయర్ తెరవమంటుంటే వద్దంటున్నది ఎవరు?

ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లు ఒకేసారి అరడజను ప్రభుత్వాల కింద ఉంటారు. పోలీసు, ఫైర్, రోడ్లు, ఇళ్ల ప్లాన్లకు అనుమతి నగరానివి. ఆరోగ్య శాఖ, జైలు కౌంటీవి. తాగునీళ్లు అలమీడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్‌వి. మురుగునీరు యూనియన్ శానిటరీ డిస్ట్రిక్ట్‌ది. పెద్దాసుపత్రి వాషింగ్టన్ హెల్త్‌కేర్ డిస్ట్రిక్ట్‌ది. స్కూళ్లు వేరే బోర్డువి. ఒక్కోదానికి ఒక్కో ఎన్నిక, ఒక్కో పన్ను.

ఈ చీలిక తిక్కతో వచ్చింది కాదు. వీటిలో చాలావరకు నగరం కంటే వయసులో పెద్దవి. వాటర్ డిస్ట్రిక్ట్‌నే తీసుకోండి. అలమీడా క్రీక్ నీటిని స్ప్రింగ్ వ్యాలీ వాటర్ కంపెనీ శాన్ ఫ్రాన్సిస్కోకి తరలిస్తుంటే ఇక్కడి రైతుల బావులు ఎండాయి. 1913లో రాష్ట్రం కొత్త చట్టం చేయగానే, 1914లో, దాని కింద వెలిసిన మొదటి సంస్థ ఇది. సమస్య అక్కడితో ఆగలేదు. భూగర్భజలం తగ్గేకొద్దీ బే నుంచి ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాల చివరి భూముల్లో బోరు వేసినవాళ్లకు ఈ కథ విప్పి చెప్పనక్కర్లేదు. చివరకు కంకర తవ్వగా మిగిలిన పెద్ద గుంతల్లోకి క్రీక్ నీటిని మళ్లించి భూమిలోకి ఇంకించడం మొదలుపెట్టారు. ఇవాళ జనం చేపలు పట్టుకునే క్వారీ లేక్స్ పార్కు ఆ గుంతలే. అలా నగరం పుట్టేసరికి నీళ్లు, మురుగు, ఆసుపత్రి అన్నీ అప్పటికే ఎవరో చూసుకుంటున్నారు. కొత్త నగరానికి ముఖ్యంగా మిగిలిన అధికారం ఒకటే: ఎక్కడ ఏం కట్టాలో చెప్పడం.

దాన్ని గట్టిగానే వాడుకుంది. మొదటి నుంచీ మాస్టర్ ప్లాన్ పట్టుకుని నడిచిన ఊరిది. పార్కులు, విశాలమైన రోడ్లు, కాలనీకో స్కూలు ముందే గీసిపెట్టుకున్నారు. కొండలమీద ఇళ్లు రాకుండా 1981లో ఒకసారి, 2002లో మరోసారి ప్రజలే ఓటు వేసి కట్టడి చేశారు. మిషన్ పీక్ ఇప్పటికీ బోడిగా, పచ్చగా కనిపిస్తోందంటే అందుకే. (2,517 అడుగుల ఆ శిఖరం ఎక్కి ఫొటో దిగడం ఫేస్‌బుక్ రోజుల్లో ఎంత ముదిరిందంటే, కింద కాలనీ వాళ్లు పార్కింగ్ పర్మిట్లు పెట్టించుకున్నారు.) పడమర పక్క బే ఒడ్డు ఉప్పుమళ్లు, చిత్తడినేలలు 1972లో ఏర్పడిన వన్యప్రాణుల రక్షిత ప్రాంతం కిందికి వెళ్లాయి. అంటే అటు కొండ ఎక్కడానికి లేదు, ఇటు నీళ్లలోకి పోవడానికి లేదు. ఇళ్లన్నీ మధ్యనున్న చదును నేలలోనే.

గీతలు మళ్లీ బయటపడ్డ చోటు

1956లో ఊళ్ల పేర్లు అధికారికంగా పోయాయి కానీ సరిహద్దులు మనసుల్లోంచి పోలేదు. అవి ముందు స్కూళ్ల దగ్గర తేలాయి. మిషన్ శాన్ హోసే హైస్కూలు రాష్ట్రంలోనే పేరున్న ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి. ఇంటి చిరునామాను బట్టి స్కూలు వస్తుంది కాబట్టి ఆ గీతకు లోపలున్న ఇంటికీ బయటున్న ఇంటికీ ధరలో పెద్ద తేడా. 2000లో స్కూలు బోర్డు గీతలు సవరించి వైబల్ ఎలిమెంటరీ పిల్లలను ఇర్వింగ్‌టన్ హైస్కూలుకి మార్చింది. తల్లిదండ్రులు, ఎక్కువమంది ఆసియా వాళ్లు, కోర్టుకెక్కారు. మిషన్ ప్రాంతాన్ని వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌గా విడగొట్టాలని కూడా ఉద్యమించారు. అది సాగలేదు. కానీ పెళ్లయిన 44 ఏళ్లకు అయిదుగురిలో ఒకరు విడాకుల మాటెత్తారన్నది మాత్రం నిజం.

'ఆసియా వాళ్లు' అన్నచోట కొంచెం ఆగాలి. కలయిక నాడు ఫ్రీమాంట్ దాదాపుగా తెల్లవాళ్ల ఊరు. 2010 నాటికి ఆసియా మూలాలున్నవాళ్లు సగం దాటారు. 2020లో ఆ వాటా 60 శాతం పైనే. ఇది ఒక్క అలతో వచ్చింది కాదు. సోవియట్ దాడి తర్వాత 1980లలో వచ్చిన అఫ్గాన్లు సెంటర్‌విల్‌లో అద్దెలు తక్కువని చేరారు. రొట్టెల దుకాణాలు, కబాబ్ హోటళ్లతో అది 'లిటిల్ కాబూల్' అయింది. సిక్కుల గురుద్వారా ఉన్న వీధి పేరే గురుద్వారా రోడ్. ఒక మసీదు, ఒక మెథడిస్ట్ చర్చి కలిసి స్థలం కొని పక్కపక్కనే కట్టుకున్నాయి. ఆ వీధికి పీస్ టెర్రస్ అని పేరు పెట్టారు. తర్వాత తైవాన్, చైనా, భారత్ నుంచి ఇంజినీర్లు వచ్చారు. కార్ల ఫ్యాక్టరీ ఊరు మెల్లగా చిప్‌ల ఊరైంది. చిప్ తయారీ యంత్రాలు చేసే లామ్ రీసెర్చ్ ప్రధాన కార్యాలయం ఇక్కడే.

తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో వచ్చింది వైటూకే రోజుల్లో, ఆ తర్వాత. లెక్క సులువే: శాన్ హోసే వైపు ఆఫీసు, డంబార్టన్ బ్రిడ్జి దాటితే మెన్లో పార్క్ వైపు ఆఫీసు. భార్యాభర్తలు చెరోవైపు వెళ్లినా ఇల్లు మధ్యలో పడుతుంది. స్కూళ్లు బాగుంటాయి. గోంగూర దొరుకుతుంది. గుడికి లివర్‌మోర్ దాకా వెళ్లాల్సిన అవసరం ప్రతివారం ఉండదు, ఫ్రీమాంట్‌లోనే హిందూ దేవాలయం ఉంది. బార్ట్ మొదట ఫ్రీమాంట్‌లోనే ఆగిపోయేది కాబట్టి శాన్ ఫ్రాన్సిస్కోలో పనిచేసేవాళ్లకు కారు పెట్టి రైలెక్కే చోటు కూడా ఇదే. ఇలా కలిసొచ్చిన సౌకర్యాల మొత్తమే తప్ప ఊరి మీద మోజుతో వచ్చినవాళ్లు తక్కువ. అందువల్లే పదిహేనేళ్లు ఉన్నవాళ్లలో కూడా చాలామంది నైల్స్ వీధిలో కాలు పెట్టి ఉండరు. 2024 డిసెంబరులో మేయర్ పదవి చేపట్టిన రాజ్ సల్వాన్ భారతీయ సంతతి మనిషి, వృత్తిరీత్యా పశువైద్యుడు.

డబ్బులోనూ గీతలే. 1978లో వచ్చిన ప్రతిపాదన 13 ప్రకారం కాలిఫోర్నియాలో ఇంటి పన్ను కొన్న ధరలో 1 శాతం దగ్గర ఆగుతుంది, ఏటా 2 శాతానికి మించి విలువ పెంచకూడదు. 1985లో కొన్నాయన కట్టే పన్నుకీ పక్కింట్లో 2022లో దిగిన తెలుగు జంట కట్టే పన్నుకీ పొంతన ఉండదు. నగరాలకు అది చాలక అమ్మకం పన్ను మీద పడ్డాయి. అమ్మకం ఏ నగరంలో జరిగితే పన్ను వాటా ఆ నగరానికి. 1980లో న్యూపార్క్ మాల్ న్యూవార్క్ గీత లోపల తెరుచుకుంది. ఫ్రీమాంట్ వాళ్లు అక్కడ కొన్న సరుకు మీద న్యూవార్క్ సంపాదించింది. భారీ పరిశ్రమల భయంతో వెళ్లిపోయిన ఊరు షాపింగ్‌తో బతికింది, పరిశ్రమను నెత్తికెత్తుకున్న ఊరు వాళ్లకు కొనుగోలుదార్లను పంపింది.

ఇక నడిబొడ్డు సంగతి. బార్ట్ స్టేషన్ చుట్టుపక్కలే నగర కేంద్రం అని ఎన్నో ఏళ్లుగా ప్లాన్లలో ఉంది. వచ్చినవి మాత్రం పార్కింగ్ లాట్ల మధ్య కూర్చున్న షాపింగ్ సెంటర్లు. అయిదు ఊళ్లకూ సమాన దూరం చూసుకుని ఎంచుకున్న చోటు కావడంతో అది ఎవరికీ అలవాటైన చోటు కాలేకపోయింది. 2006లో ఓక్లండ్ బేస్‌బాల్ జట్టు అథ్లెటిక్స్‌ను తెచ్చి, స్టేడియం కట్టి, చుట్టూ ఊరి కేంద్రం చేయాలని ఒక ఆలోచన. ట్రాఫిక్ భయంతో వార్మ్ స్ప్రింగ్స్ వాళ్లు అడ్డం తిరిగారు, 2009లో జట్టే విరమించుకుంది. 2012 తర్వాత కాపిటల్ అవెన్యూ పొడిగించి కింద దుకాణాలు, పైన ఫ్లాట్లతో డౌన్‌టౌన్ కట్టడం మొదలైంది. మరోపక్క టెస్లా చుట్టూ ఉన్న 850 ఎకరాలకు 2014లో ఇంకో ప్లాన్, అక్కడ ఇంకో కేంద్రం. అంటే ఒక్క నడిబొడ్డు లేని నగరం ఇప్పుడు ఒకేసారి రెండు కట్టుకుంటోంది.

రాష్ట్రం 2023–31 మధ్య దాదాపు 12,900 ఇళ్లకు చోటు చూపించమని ఫ్రీమాంట్‌కి లెక్క ఇచ్చింది. కొండ, బే రెండూ మూసుకున్నాక ఆ ఇళ్లు పైకి తప్ప ఇంకెటూ పోలేవు. నాలుగంతస్తుల ప్లాన్ వచ్చిన ప్రతిచోటా పాత ఊరి పేరుతో ఒక సంఘం లేస్తుంది: నైల్స్ నైల్స్‌లాగే ఉండాలి, ఇర్వింగ్‌టన్‌కి ఈ భారం ఎందుకు. ఇంటి అద్దెలు మాత్రం ఎవరి అభ్యంతరంతోనూ తగ్గలేదు. రోడ్ల పక్క గుడారాల్లో ఉండేవాళ్లు పెరిగారు. 2025 ఫిబ్రవరిలో నగర కౌన్సిల్ గుడారాలను నిషేధించింది. వాళ్లకు తోడ్పడినవాళ్లనూ శిక్షించే మాట అందులో ఉండటంతో దేశమంతా విమర్శలొచ్చాయి, మరుసటి నెల ఆ భాగం తీసేశారు. 'అత్యంత సంతోషకరమైన నగరం' బిరుదు ఆ ఏడాది కూడా ఫ్రీమాంట్‌కే వచ్చింది.

2017లో బార్ట్ రైలు పొడిగించి వార్మ్ స్ప్రింగ్స్ చేర్చారు, 2020లో అక్కడి నుంచి శాన్ హోసే అంచు దాకా. ఈ లైను ఇర్వింగ్‌టన్ మీదుగానే వెళ్తుంది. అక్కడ ఒక స్టేషన్ కట్టాలని ప్లాన్లలో ఏళ్ల తరబడి ఉంది. పట్టాలు వేసి రైళ్లు తిప్పడం మొదలైన ఎన్నో ఏళ్లకు కూడా ఆ స్టేషన్ డబ్బుల లెక్కలు తేలుతూనే ఉన్నాయి. ఇర్వింగ్‌టన్ పాతకాపులను అడిగితే తమ వాటా ఎప్పుడూ ఇలాగే ఆలస్యంగా వస్తుందంటారు. ఆ ఫిర్యాదు సెంటర్‌విల్ వాళ్ల నోటా వినొచ్చు.